ద్రాక్ష కొండల్లో మూడో నెలపొడుపు

నీ పాసుపోర్టు ఒకసారి ఇలా తే. ముందు నన్ను చూడనీ, తర్వాత రాసుకుందువు. అన్నీ ఫోన్లోనే కనిపిస్తాయని నువ్వంటావు, మీ నాన్న అంటాడు, మీ అమ్మ నవ్వుతుంది. నాకు మాత్రం కాగితం మీద వేలు పెట్టి చూసుకుంటే తప్ప కుదురుండదు. రోజూ సాయంత్రం మసీదులో బాంగు వినపడగానే నా విజిట్ వీసా ఇంకా ఎన్నాళ్ళుందని అడుగుతానని ఈ ఇంట్లో నాకు పేరు పడిపోయింది. "పద్దెనిమిది దినాలుండాయి అత్తా. నిన్న పంతొమ్మిదని చెప్తిగదా" అంటాడు మీ నాన్న, ఓపిగ్గా. ఆయన చెప్పాక గంటసేపు బాగానే ఉంటాను. తర్వాత మళ్ళీ, ఆ పద్దెనిమిది ఎవరి లెక్కలో పద్దెనిమిదో అని గుండెలో ఒక పురుగు తొలుస్తుంది. ఎందుకలాగో నువ్వెప్పుడూ అడగలేదు. ముసలాళ్ళ చాదస్తం అనుకుని ఉంటావు.

మొన్న భోజనాల బల్ల మీద ఫ్రాన్సు పటం పరిచి, నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి ద్రాక్ష కొండల్లో ఆరు రోజులు సైకిలు తొక్కుతానని నువ్వు వేలితో గీత గీస్తూ చూపించావే, అప్పుడు నా వేలు దానంతటదే నీ గీతకి కాస్త పైన ఒక మడత దగ్గర ఆగింది. "ఆ కొండ నేను ఎక్కినా, నిత్యా" అంటే నువ్వు నమ్మలేదు. తర్వాత నీకే గుర్తొచ్చింది, "తాత చెప్పే చంద్రుడి కథ అక్కడిదేనా అవ్వా?" అన్నావు. అక్కడిదే. పెళ్ళిళ్ళలో, విందుల్లో, ఆఖరికి ఆసుపత్రి మంచం మీద కూడా మీ తాత ఆ కథ చెప్పి నర్సుల్ని నవ్వించాడు. "మా యావిడ చంద్రున్ని జూసి నా ఉద్యోగం నిలబెట్టింది" అనేవాడు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ఆ కథ చెప్పేవాళ్ళు లేరు. కానీ నువ్వు విన్నది ఆయన సగం. నా సగం నేనెవరికీ చెప్పలేదు. నువ్వు ఇంకో పదిరోజుల్లో ఆ కొండలకే వెళ్తున్నావు కాబట్టి చెప్తున్నాను. రాసుకో, తప్పులుంటే తర్వాత దిద్దుకో.

అప్పట్లో మేం ఈ రియాద్‌లోనే, బత్హాలో ఒక పాత మిద్దింట్లో పైభాగంలో ఉండేవాళ్ళం. ఒక గది, ఒక వంటిల్లు, పైన ఎండకి కాలిపోయే మిద్దె. మీ తాత సులైలో ఒక ఫ్రెంచి కంపెనీ గోదాములో జనరేటర్లు బాగుచేసేవాడు. సాయంత్రం ఆయన మెట్లెక్కుతుంటేనే డీజిలు వాసన ముందొచ్చేది. పొద్దున నాలుగు రొట్టెలూ వేరుశనక్కాయల చట్నీ కట్టిస్తే, డబ్బా అదే డీజిలు వాసనతో తిరిగొచ్చేది. ఎంత తోమినా పోదు. నేను ఇంట్లోంచి బయటికి వెళ్ళడమంటే నల్లటి అబాయా వేసుకుని ఆయన వెనకాల కూరగాయల దాకా నడవడం, అంతే. ఇక్కడుండడానికి ఆయనకిచ్చిన ఇఖామా పుస్తకంలో నేనొక ఫోటోని, ఒక వరుసని. మా పాసుపోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. దేశం దాటాలంటే ఆ పుస్తకం వాళ్ళకిచ్చి, 'ఖురూజ్ ఔదా' అని పోయిరావడానికి ఒక వీసా స్టాంపు వేయించుకోవాలి. ఆ స్టాంపులో రాసిన రోజులోపల మళ్ళీ ఇక్కడ కాలు పెట్టకపోతే ఉద్యోగం లేదు, ఇఖామా లేదు, ఆ మిద్దింటి గది లేదు. మళ్ళీ బొంబాయి ఏజెంట్ల గడపలే. నన్ను ఇక్కడికి తెచ్చుకోవడానికే మీ తాత మూడేళ్ళు తిరిగాడు. ఆ మూడేళ్ళూ నేను మా అత్తగారింట్లో ఉత్తరాల కోసం పోస్టుమాన్‌ని చూస్తూ కూర్చున్నాను.

కొత్త జనరేటర్ల పని నేర్చుకురమ్మని కంపెనీ ఆయన్ని ఫ్రాన్సులో లియోన్ అనే ఊరికి పంపింది. కుటుంబాన్ని కూడా తీసుకెళ్ళొచ్చన్నారు. కంపెనీ కాగితాల పని చూసే సూడాన్ ఆయన, అలాంటాయన్ని ఇక్కడ మందూబ్ అంటారు కదా, పాసుపోర్టులు చేతిలో పెట్టి రెండు వేళ్ళు చూపించి "షహరైన్, షహరైన్" అన్నాడట. రెండు నెలలు. మీ తాత ఇంటికొచ్చి కాలెండరు తీసి, రెండు నెలలు లెక్కపెట్టి, దానికి ఒక రోజు ముందుకే తిరుగు టిక్కెట్టు తీసుకున్నాడు. "ఒక దినం చేతిలో పెట్టుకున్యా, భయం లేదు" అన్నాడు. ఆయన జాగ్రత్త అంతటిది.

మేం బయల్దేరింది రంజాను పండగ రెండో రోజు. అంతకు రెండు రోజుల ముందు సాయంత్రం వీధిలో ప్రతి మిద్దె మీదా జనం. కింద ఇంటి హైదరాబాదు ఖాలా పిల్లలు "వో దేఖో చాంద్" అని అరిస్తే నేనూ చూశాను. సన్నగా, గోరు గీసినట్టు. చూడగానే నా చెయ్యి పైటకొంగు మీదికి పోయింది. ఒక పోగు లాగి ఆకాశం వైపు విసిరాను. ఖాలా విచిత్రంగా చూసి, "యే క్యా కర్తీ గే?" అంది. మా అవ్వ నేర్పిందని ఏ భాషలో చెప్పను?

మా అవ్వ గురించి రాయాలి నువ్వు. లేకపోతే తర్వాతది అర్థం కాదు. మాది తాడిపత్రి దగ్గర పల్లె. నాయనకి రెండెకరాల ద్రాక్షతోట, రాతి కూసాల మీద పందిరి. తోటకి మైలుతుత్తమూ సున్నమూ కలిపిన మందు కొట్టిన రోజు నాయన నీలంగా ఇంటికొచ్చేవాడు. గోళ్ళు నీలం, పంచె అంచు నీలం. ఎంత దూరంనుంచైనా ముక్కుకి తగిలే ఆ పచ్చి రాగి వాసన నాకు నాయన వాసనే. బోర్డో మందు అనేవాళ్ళు దాన్ని. బోర్డో అనేది ఫ్రాన్సులో ఒక ఊరని ఎవరికి తెలుసు, అదేదో మందు పేరనుకున్నాం. నాయన గంపలు కట్టుకునే సైకిలు మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేది. బారు మధ్యలోంచి కాలు దూర్చి దొంగ పెడలు తొక్కుతూ నేర్చుకున్నాను. మోకాళ్ళు చెక్కుకుపోతే అవ్వ పసుపు అద్ది, "నీకి పెండ్లయ్యేది సైకిలుతోనే మే, మనిషి దొరకడు" అనేది.

ఆ అవ్వకి ఇంగ్లీషు నెలలు తెలీవు. షావుకారు ఇచ్చిన కాలెండరు గోడకి వేలాడుతుంటే దాని మీద దుమ్ము దులిపేది, అంతే. అమావాస్య దాటిన సాయంత్రం పొయ్యి మీద సంగటి వదిలేసి మరీ బయటికొచ్చి పడమరకి నిలబడేది. నెలపొడుపు కనపడగానే కోక అంచులోంచి పోగు తీసి, "ఈ పోగు నీకి, కొత్త కోక నాకి" అని ఇచ్చేది. తర్వాత లోపలికెళ్ళి గాదె వెనక గోడ మీద బొగ్గుతో గీత. ఇంట్లో ఆడవాళ్ళ నెలలన్నీ ఆ గోడ మీదే ఉండేవి. ఎనుము ఎప్పుడు కట్టిందో, మా చిన్నమ్మకి ఎన్నో నెలో, అంతా గీతలే. నేను పెద్దమనిషినయ్యాక నాకూ ఒక వరుస పెట్టింది. "నీది నెలపొడుపుతో వస్తాది. చంద్రున్ని జూసుకో, నీకి కాలెండరు అక్కరలే" అంది. నిజంగానే అలాగే వచ్చేది, ఒకరోజు అటూఇటూగా. ఇంకో మాట కూడా చెప్పింది. నెల తప్పితే మూడు నెలలు నిండేదాకా నోరు విప్పకూడదు, మొగునికి కూడా. చెప్తే నిలవదట. నవ్వకు. నీ ఫోను నీ నెల లెక్కపెడుతుందని మొన్న నువ్వే చెప్పావు. మా అవ్వ గోడ కూడా అదే పని చేసింది, కాకపోతే సున్నం వేసినప్పుడల్లా చెరిగిపోయేది.

లియోన్‌లో మాకు మూడో అంతస్తులో ఒక చిన్న గది. మీ తాత పొద్దునే ఫ్యాక్టరీకి పోతే నేను కిటికీలోంచి కింద రొట్టెల కొట్టు వరుసని చూస్తూ కూర్చునేదాన్ని. నెల గడిచాక ఆ కిటికీలోంచే రెండో నెలపొడుపు చూశాను. పోగు ఇచ్చాను. నాకు రావలసింది రాలేదు. గాలి మార్పు, నీళ్ళ మార్పు, ఆ గట్టి రొట్టె అనుకున్నాను. అంతకు ముందు ఏడాది రియాద్‌లో ఒక కడుపు మూడు నెలలు నిండకుండానే పోయింది. నిర్ధారణ అయినరోజే సంబరంగా మీ తాతకి చెప్పాను, ఆయన సులైలో అందరికీ ఖర్జూరాలు పంచాడు, పదిరోజులకి పోయింది. నా వల్లే, నా నోటి వల్లే పోయిందని నాకు గట్టిగా పడిపోయింది. అందుకని ఈసారి నోరు కుట్టేసుకున్నాను.

సరిగ్గా ఆ సమయంలోనే సైకిళ్ళ మాట వచ్చింది. మీ తాతకి సులైలో పై అధికారి రెనే అని ఒకాయన. మంచివాడు, ఎర్రగా, ఎప్పుడూ ఎండకి ఊడిన ముక్కుతో ఉండేవాడు. సెలవుకి తన ఊరొచ్చి ఉన్నాడు. శిక్షణ అయిపోయాక చివరి వారం తనూ తన భార్య మోనిక్కూ మాతో కలిసి ద్రాక్ష కొండల్లో నాలుగు రోజులు సైకిళ్ళ మీద తిప్పుతామన్నాడు. రాత్రికి తెలిసినవాళ్ళ తోటలిళ్ళలో బస. మీ తాత ఎగిరి గంతేశాడు. "మా రమణ సైకిలు ఎట్ల తొక్కుతాదో మీరు చూడల్ల" అని నా తరఫున ఆయనే ఒప్పేసుకున్నాడు. ఎందుకు వద్దంటున్నానో చెప్పకుండా వద్దనడం ఎలాగో నాకు తెలియలేదు. మోనిక్ తన ప్యాంటు ఒకటి ఇచ్చింది. దాన్ని చీర కిందే వేసుకుని, కుచ్చిళ్ళు పైకి దోపుకున్నాను. అది చూసి రెనే ముక్కు ఇంకాస్త ఎర్రబడింది.

ఆ కొండలు నువ్వు చూస్తావుగా, నేను వర్ణించేదేముంది. ఒకటి దిగితే ఒకటి. మా నాయన తోటలా పందిరి లేదు. తీగ కాదది, మోకాలెత్తు మొద్దులు, ఒక్కోదానికి ఒక్కో గుప్పెడు కొమ్మలు, కొండ ఎంత నిలువుగా ఉంటే అంత నిలువుగా బారులు తీరి. "పందిర్లేని ద్రాక్ష ఏం ద్రాక్ష, గోంగూర చేను మాదిరుండాది" అన్నాడు మీ తాత. మొదటి మలుపులోనే నాకు ఆ వాసన తగిలింది, మైలుతుత్తం. ఆకుల మీద నీలి మరకలు. సైకిలు దిగి ఒక ఆకు తుంచి మూతి దగ్గర పెట్టుకుని ఏడ్చేశాను. అలసిపోయానని అందరూ ఆగారు. మధ్యాహ్నం ఏ తోటలో ఆగినా గ్లాసుల్లో ఎర్రటి సారాయి పోసేవాళ్ళు. మీ తాత రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు. ఆ వాసన ఒంటికి పట్టి రియాద్ ఎయిర్‌పోర్టు దాకా వస్తుందని ఆయన భయం. "తాగితే తప్పు, వాసన చూస్తే ఏం తప్పప్పా?" అని నేనంటే, "నీకేం తెల్సు, వాళ్ళ కుక్కలకి తెలుస్తాది" అనేవాడు. నా భయం వేరు. ప్రతి దిగుడులోనూ బ్రేకు మీద రెండు చేతులూ బిగించి, రాయి కనపడితే సీటు మీంచి లేచి నిలబడి, ఎత్తు వస్తే దిగి నడిచి, నడుస్తూ లోలోపల అవ్వని తలుచుకునేదాన్ని. ఎవరైనా అడిగితే చీర చుట్టుకుంటుందనేదాన్ని.

మూడో రోజు సాయంత్రం ఒక కొండ నెత్తిన ఉన్న పాత రాతింట్లో దిగాం. ఇంటామె మా అవ్వ వయసు మనిషి. ఆమెకి నా భాష రాదు, నాకు ఆమెది రాదు. ఇద్దరం గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. పొద్దు అప్పుడే కుంగింది. తలెత్తి చూస్తే, ఎదర కొండ మీద, ద్రాక్ష బారులకి జానెడు పైన, నెలపొడుపు. చెయ్యి కొంగు మీదికి పోయింది, పోగు వచ్చింది, ఇచ్చాను. ఆ ముసలామె ఏమనుకుందో, తన ఏప్రను అంచు కూడా ఒకసారి చూసుకుంది. నేను అవ్వ గోడ మీద గీత పెట్టినట్టు మనసులో లెక్క పెట్టుకున్నాను. బత్హా మిద్దె మీద ఒకటి. లియోన్ కిటికీలో ఒకటి. ఇది మూడోది. రెండు నెలలు నిండాయి. రాలేదు. ఇంకొక్క నెల, అప్పుడు ఆయనకి చెప్పొచ్చు. ఇలా లెక్క పెట్టుకుంటూ ఉండగానే చేతిలో చిక్కుడుకాయ జారిపోయింది. రెండు నెలలు నిండాయి అన్న మాట నా ఒంటికి మాత్రమే కాదని అప్పుడు తట్టింది.

లోపలికి పరిగెత్తాను. మీ తాత బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇదో, మన వీసా ఎన్ని నెలలు?"

"రెండు. ఎన్నిసార్లు చెప్పల్ల నీకి?"

"ఎవురి నెలలు?"

ఆయన నవ్వాడు. "నెలలు గూడా ఎవురివో ఉంటాయా మే? నెలంటే నెలే."

"వాళ్ళది చంద్రుని నెల గదా! పండగ రెండో దినం బయలెల్లినాం. మద్దెలో ఒక నెలపొడుపు అయిపాయ. ఇప్పుడే మూడోది చూసొస్తాండా. ఎల్లుండికి నిండిపోతాది. మన టిక్కెట్టు దాని మర్సటి దినానికి గదా?"

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. నడుముకి కట్టుకున్న ప్లాస్టిక్ సంచిలోంచి పాసుపోర్టు తీశాడు. స్నానానికి కూడా విప్పేవాడు కాదు దాన్ని. దీపం కింద పెట్టి అరబ్బీ అంకెలు ఒక్కొక్కటే చదివాడు. మేం బయల్దేరింది వాళ్ళ పదో నెల రెండో తేదీన, ఇది పన్నెండో నెల, రెండో తేదీ. ఆ అంకె మొదటినుంచీ అక్కడే ఉంది. మందూబు రెండు వేళ్ళు చూపించేసరికి ఆయన దాన్ని చదవలేదు, తిన్నగా ఇంగ్లీషు కాలెండరుకి వెళ్ళిపోయాడు. జూలైకి ముప్పై ఒకటి, ఆగస్టుకి ముప్పై ఒకటి. చంద్రుడికి ఎప్పుడైనా ముప్పై ఒకటి ఉంటుందా? చేతిలో పెట్టుకున్నాననుకున్న రోజు చేతిలో లేదు సరికదా, ఒక రోజు అవతల పడ్డాం.

రెనే వచ్చి విని, ఒక్క రోజే కదా, కంపెనీ చూసుకుంటుందన్నాడు. "నీకి చూసుకుంటారు రెనే. నాకి చూసుకోరు" అన్నాడు మీ తాత. ఇంగ్లీషులోనే అన్నాడు కానీ నాకు అర్థమైంది. రెనే ఇంట్లో ఉన్న ఫోను దగ్గరికి వెళ్ళాడు. హజ్ రోజులు దగ్గరపడ్డాయి, రియాద్ విమానంలో చోటు లేదు, జెద్దా విమానాలన్నీ హాజీలతో నిండిపోయాయి, పారిస్ ఎయిర్‌పోర్టుకొచ్చి కూర్చుంటే ఎవరైనా రాకపోతే ఎక్కిస్తామన్నారు. పారిస్ చేరాలంటే పొద్దున ఎనిమిదింటికి లోయలో ఉన్న స్టేషన్లో బండి ఎక్కాలి. ఆ ముసలామె కొడుకు వ్యాను వేసుకుని సంతకెళ్ళాడు, మధ్యాహ్నం దాకా రాడు. రెనే కారు మొదటిరోజు బయల్దేరిన ఊళ్ళో ఉంది. స్టేషనుకి దారి ఒక కొండ ఎక్కి, పన్నెండు మైళ్ళు దిగడం. సైకిళ్ళు ఉన్నాయి.

నేను ఆ గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెప్తే చాలు. చెప్తే ఆయన ఏమంటాడు? సైకిలు వద్దంటే వీసా పోతుంది, మళ్ళీ మూడేళ్ళ పోస్టుమాన్. సైకిలెక్కమంటే, ఎక్కమన్నాడన్నది జీవితాంతం నాకు ముల్లులా ఉండిపోతుంది. చెప్పకపోతే రెండూ లేవు. ఇరవై రెండేళ్ళ పిల్లకి అదొక పెద్ద తెలివిలా కనపడింది. "తెల్లారి లేస్తానే పోదాం" అన్నాను.

పెట్టెల సంగతి మోనిక్‌కి వదిలేశాం. తెల్లవారి మంచు ఇంకా ద్రాక్ష ఆకుల మీద ఉండగానే బయల్దేరాం. రెనే ముందు, మీ తాత మధ్య, నేను వెనక. ఎక్కుడంతా తోసుకుంటూ నడిచాం. పైకి చేరాక కాసేపు ఆగి నీళ్ళు తాగాం. తర్వాత దిగుడు. నిత్యా, ఆ దిగుడు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. తారు మీద తడి, ఒక పక్క రాతిగోడ, ఒక పక్క కింద దాకా ద్రాక్ష. బ్రేకు పట్టుకుంటే రైలు తప్పిపోతుంది, వదిలితే ప్రాణం పోతుంది. ప్రతి గతుకూ నడుములో దిగింది. ఒక చేత్తో కడుపు పట్టుకుందామని చూస్తే సైకిలు పక్కకి లాగేసింది, మళ్ళీ రెండు చేతులూ హ్యాండిలు మీదే. మీ తాత నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూస్తూ, "నిదానంగా మే, నిదానంగా" అని అరిచేవాడు. నిదానంగా వెళ్తే బండి పోతుందని ఆయనకీ తెలుసు. బండి కదులుతుండగా ఎక్కాం. సైకిళ్ళు ప్లాట్‌ఫారం మీద రెనే చేతుల్లో ఉండిపోయాయి.

పారిస్ ఎయిర్‌పోర్టులో ఒక పగలూ ఒక రాత్రీ కుర్చీల మీద. చుట్టూ తెల్లబట్టల హాజీలు, మూటలు, అత్తరు వాసన. మర్నాడు పొద్దున జెద్దా విమానంలో ఆఖరి రెండు సీట్లు మాకొచ్చాయి. వచ్చినందుకు సంతోషం ఎంతసేపు? పక్కనున్న అల్జీరియా పెద్దాయన్ని మీ తాత ఈరోజు అరబ్బీ తారీఖు ఎంతని అడిగాడు. రెండు అన్నాడాయన. ముందు సీటాయన తల తిప్పి, కాదు మూడు, సౌదీలో చంద్రుడు ఒక రోజు ముందే కనపడ్డాడు అన్నాడు. ఇద్దరూ జెద్దా దాకా వాదించుకున్నారు. చుట్టుపక్కల వాళ్ళు కూడా కలిశారు, కొందరు రెండు, కొందరు మూడు. మీ తాత ప్రతి నోటినీ చూస్తూ కూర్చున్నాడు, తీర్పు వినేవాడిలా. రెండయితే ఇవాళే ఆఖరు రోజు. మూడయితే నిన్నటితో అయిపోయింది.

జెద్దాలో వరుస చాలా పొడుగు. అరబ్బీలో రెండు అంకెకి పైన ఒక పన్ను ఉంటుంది, మూడుకి రెండు పళ్ళు. తేడా అంతే. సైనికుడి బట్టల్లో ఉన్న కుర్రాడు మా పాసుపోర్టులు తిప్పాడు, మమ్మల్ని చూశాడు, మళ్ళీ తిప్పాడు. లేచి వెనకాలున్న పెద్ద అధికారికి చూపించాడు. ఇద్దరూ ఏదో అన్నారు. నేను మీ తాత చొక్కా వెనక పట్టుకున్నాను, అది తడిగా ఉంది. తిరిగొచ్చి స్టాంపు దడేల్మని కొట్టి "యల్లా" అన్నాడు. మీ తాత నాలుగడుగులు వేసి, పాసుపోర్టు తెరిచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. "మే, ఒకే పన్నుండాది. ఒకే పన్ను!" అంటూ అంతమంది హాజీల మధ్య నేల మీద చతికిలబడ్డాడు. ఆయన కథ అక్కడితో అయిపోతుంది. అందరూ అక్కడే నవ్వుతారు.

నా సగం నాలుగు రోజుల తర్వాత బత్హా వంటింట్లో అయిపోయింది. చపాతీ పెనం మీద ఉండగా మొదలైంది. మీ తాత సులైలో ఉన్నాడు. ఖాలా నన్ను తీసుకెళ్ళింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలా నెమ్మదిగా మాట్లాడింది. కడుపు ఉండి ఉండొచ్చు, అసలు లేకపోయీ ఉండొచ్చు, ఇంత తొందరగా చెప్పలేం, సైకిలు వల్లో కాదో అది అసలే చెప్పలేం అంది. ఖాలా హిందీలో తిరగేసి చెప్పింది. ఎవరూ చెప్పలేం అన్నమాట నాకు ఓదార్పు కాలేదు, శిక్షలా పట్టుకుంది. మీ తాతకి మామూలు కడుపునొప్పి అన్నాను. రెండేళ్ళకి మీ అమ్మ పుట్టింది. నేను ఆ తొమ్మిది నెలలూ మెట్లు కూడా గోడ పట్టుకుని దిగాను.

నిన్ను చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో సైకిలెక్కిన ఆడదాన్ని నేను చూడలేదు. నువ్వు సాయంత్రం హెల్మెట్ పెట్టుకుని ఆ సైకిలు దారిలో ఇరవై కిలోమీటర్లు తొక్కి వచ్చి, చెమట తుడుచుకుంటూ ఫ్రిజ్ తీస్తావు. నీ ఫోన్లో ఇంగ్లీషు తేదీ పక్కనే వాళ్ళ తేదీ కూడా ఉంటుంది, పొరపాటుకి సందు లేదు. కానీ ఫోనుకి తెలియనివి కొన్ని మన నోట్లోనే ఉండిపోతాయి. నలభై ఏళ్ళు ఆయన ఆ కథ చెప్పిన ప్రతిసారీ నేను పక్కన కూర్చుని నవ్వాను. నవ్వుతూ, చెప్పి ఉంటే ఏమనేవాడో అని లోపల అనుకునేదాన్ని.

ఏంటలా పెన్ను ఆపేశావు?

"అవ్వా, ఇది అమ్మకి తెల్సా?"

"తెలీదు."

"మరి రాయల్లా, వద్దా?"

"రాయి. తాత అడగలేదు గాబట్టి నేను చెప్పలేదని రాయి."

"రాసినా."

"సదువు."

"'తాత అడగలేదు గాబట్టి నేను చెప్పలేదు.'"

"కొట్టేయ్ దాన్ని. అడిగినాడు. కొండపైన నీళ్ళు తాగేటప్పుడు, రెనే అంత దూరం పోయినాక, నా సైకిలు పట్టుకోని అడిగినాడు. 'మే, నాలుగు దినాలుగా చూస్తాండా, నీకి ఏమన్నా ఉంటే చెప్పు. ఈడనే కూచుందాం. వీసా పోతే పోయె' అన్న్యాడు. ఏమీ లేదు పదమన్న్యా. రాసినావా?"

"రాస్తాండా అవ్వా."

"రాయి."